యూనిట్ 6: ‘లార్క్’ – పిట్ట పేరు, సరదా మాట, చరిత్ర ఆధారం

6.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరువాత మీరు:

• ఒకే పదానికి పలు అర్థాలు ఉండటానికీ, రెండు వేరు పదాలు ఒకే రూపంలో ఉండటానికీ గల తేడాను ఉదాహరణలతో చెప్పగలుగుతారు.
• ‘లార్క్’ అనే ఇంగ్లీషు మాట పిట్ట పేరుగానూ, సరదా చేష్ట పేరుగానూ వాడుకలోకి వచ్చిన క్రమాన్ని వివరించగలుగుతారు.
• సరదా అనే అర్థం ఎలా పుట్టిందన్న విషయంలో ఉన్న రెండు వాదాలను ఆధారాలతో తూచి చూడగలుగుతారు.
• పదచరిత్ర సామాన్యుల చరిత్రకు ఎంతవరకు ఆధారమవుతుందో గుర్తించగలుగుతారు.

6.1 పరిచయం

శాసనాలు, నాణేలు, దస్తావేజులు, ప్రయాణికుల రాతలు చరిత్రకు ఆధారాలని మీకు తెలుసు. వీటిలో ఎక్కువ భాగం పాలకులు, అధికారులు, వర్తకులు, పండితులు రాసినవి లేదా రాయించినవి. ఓడమీద తాళ్లు లాగిన కళాసీ, నది బురదలో బొగ్గుముక్కలు ఏరుకున్న పిల్లవాడు తమ గురించి ఏమీ రాసిపెట్టలేదు. కాని వాళ్లు మాట్లాడారు. ఆ మాటల్లో కొన్ని ఎవరో ఒకరి చెవిన పడి, నిఘంటువుల్లోకి ఎక్కి, ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. అలాంటి మాటను పట్టుకుని వెనక్కి నడిస్తే, రాతలో కనిపించని మనుషుల జీవితం కొంతైనా తెలుస్తుంది.

ఈ యూనిట్‌లో మనం తీసుకున్న మాట ‘లార్క్’. ఇంగ్లీషులో దీనికి ఒక అర్థం ఆకాశంలో ఎగురుతూ పాడే చిన్న పిట్ట. రెండో అర్థం సరదా, అల్లరి, చిలిపి పని. ఏదైనా పనిని ‘లార్క్ కోసం చేశాను’ అని ఇంగ్లీషువాడు అంటే ‘ఊరికే సరదాకి చేశాను’ అని అర్థం. పాటపిట్టకూ అల్లరికీ సంబంధం ఏమిటి? సంబంధం అసలు ఉందా? ఈ ప్రశ్నకు జవాబు వెతికే క్రమంలో చరిత్రకారుడు ఆధారాలను ఎలా పరిశీలిస్తాడో, ఎక్కడ ఆగిపోవాలో తెలుసుకుందాం.

6.2 ఒక పదమా, రెండు పదాలా?

పాఠశాలలో మీరు నానార్థాలు చదివారు. ఆ పట్టికల్లో రెండు రకాల పదాలు కలిసిపోయి ఉంటాయి. వాటిని విడదీయడం మన మొదటి పని.

‘కాలు’ అనే మాట తీసుకోండి. మనిషి కాలు అంటాం, కుర్చీ కాలు అంటాం. కుర్చీని నిలబెట్టేది కూడా కాలులాంటిదే కాబట్టి మొదటి అర్థం నుంచి రెండోది పుట్టింది. ఇది ఒకే పదం, అర్థం విస్తరించింది. ‘కట్టె కాలుతోంది’ అన్నప్పటి ‘కాలు’ వేరు. అది క్రియ. దానికీ శరీరావయవానికీ చుట్టరికం లేదు. రెండు వేరు పదాలు ఒకే రూపంలో కనిపిస్తున్నాయి. ‘నూరు’ కూడా అంతే. వంద అనే సంఖ్యకూ పచ్చడి నూరడానికీ సంబంధం లేదు.

కాబట్టి ‘లార్క్’ గురించి మనం వేయవలసిన ప్రశ్న ఇది: పిట్ట, సరదా అనే రెండు అర్థాలు మనిషి కాలు, కుర్చీ కాలు వంటివా? లేక మనిషి కాలు, కట్టె కాలడం వంటివా?

దీన్ని తేల్చడానికి పదచరిత్రకారులు ముఖ్యంగా మూడు విషయాలు చూస్తారు. మొదటిది కాలం: ఏ అర్థం ఎప్పుడు తొలిసారి రాతలో కనిపించింది? రెండోది ధ్వని: పాత రూపం నుంచి కొత్త రూపం రావడానికి ఆ భాషలోని ఉచ్చారణ మార్పులు ఒప్పుకుంటాయా? మూడోది దారి: ఆ మాటను ఎవరు, ఏ ప్రాంతం నుంచి ఏ ప్రాంతానికి మోసుకువెళ్లి ఉంటారు? మూడూ కలిస్తే నిర్ణయం బలంగా ఉంటుంది. ఒక్కటి తప్పినా జాగ్రత్తపడాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1

1. తెలుగులో ఒకే రూపంలో ఉన్న రెండు వేరు పదాలకు మీ వాడుక నుంచి ఒక ఉదాహరణ ఇవ్వండి.
2. పద పుట్టుకను తేల్చడానికి చూడవలసిన మూడు అంశాలు ఏవి?

6.3 పిట్ట పేరు

పిట్ట పేరు చాలా పాతది. ప్రాచీన ఇంగ్లీషులో దాని రూపం ‘లావెర్కె’. మధ్యలోని అక్షరాలు క్రమంగా కరిగిపోయి ‘లార్క్’ మిగిలింది. స్కాట్లండ్‌లో మాత్రం ‘లావెరక్’ అనే నిండు రూపం నిలిచింది. జర్మన్‌లో ‘లెర్హె’, డచ్‌లో ‘లేవెరిక్’ దీనికి దాయాదులు. అంటే ఈ భాషలన్నీ విడిపోకముందే ఈ పిట్టకు ఆ పేరు ఉండేదన్నమాట. అంతకంటే వెనక దాని మూలం ఏమిటో తేలలేదు.

ప్రాచీన నార్స్ భాషలో ఈ పేరు ‘లేవిర్కి’. ఆ మాటను రెండు ముక్కలు చేస్తే ‘ద్రోహం చేసేది’ అని అర్థం వచ్చేలా కనిపిస్తుంది. దాన్నిబట్టి ఈ పిట్ట వెనుక ఏదో ద్రోహం కథ ఉండేదని కొందరు ఊహించారు. ఆ కథ ఏదీ దొరకలేదు. తెలియని మాటను తెలిసిన ముక్కలుగా విరిచి అర్థం చెప్పుకోవడాన్ని లోకనిరుక్తి అంటారు. ‘త్రిలింగ’ నుంచి ‘తెలుగు’ వచ్చిందన్న వివరణ మీకు తెలిసిందే. వినడానికి ఇంపుగా ఉన్నా, చాలామంది భాషావేత్తలు దానిని అంగీకరించలేదు. ఒక వివరణ అందంగా ఉండటం అది నిజమనడానికి ఆధారం కాదు.

లాటిన్‌లో ఈ పిట్టను ‘అలౌడా’ అన్నారు. ఆ మాట రోమన్లది కాదు, గాల్ ప్రాంత ప్రజలది. జూలియస్ సీజర్ గాల్‌లో స్థానికులను చేర్చుకుని ఏర్పరచిన ఒక సైనిక దళానికి ‘అలౌడే’ అనే పేరు ఉండేది. అది గాల్ భాషా పదమని రోమన్ రచయిత సూటోనియస్ పేర్కొన్నాడు. ఓడిపోయినవారి భాష నుంచి గెలిచినవారు తీసుకున్న ఆ మాటే ఈనాడు ఈ పిట్ట శాస్త్రీయ నామంలో ఉంది. లిన్నేయస్ 1758లో దానిని ‘అలౌడా ఆర్వెన్సిస్’ అన్నాడు. ‘ఆర్వెన్సిస్’ అంటే పొలాలకు చెందినది.

ఆ పేరు సరిగ్గా అతికింది. ఇది చెట్ల పిట్ట కాదు. బయలు పొలాల్లో, గడ్డి నేలల్లో నేలమీదే గూడు కడుతుంది. కూర్చుని పాడటానికి కొమ్మ లేదు కాబట్టి మగపిట్ట నిట్టనిలువుగా గాలిలోకి లేచి, కంటికి చుక్కలా కనిపించే ఎత్తులో రెక్కలాడిస్తూ నిమిషాల తరబడి పాడుతుంది. తన చోటు తనదని మిగతా మగపిట్టలకు చాటడం, ఆడపిట్టను పిలవడం ఆ పాట పని. ఆ దృశ్యం చూసిన ఇంగ్లీషువారికి లార్క్ అంటే తెల్లవారుజాము, ఎత్తు, ఉల్లాసం అనే భావనలు స్థిరపడ్డాయి. షేక్స్‌పియర్ ‘రోమియో అండ్ జూలియట్’లో తెల్లవారిందా లేదా అన్న ప్రేమికుల వాదన అంతా వినిపించిన పిట్ట లార్కా, నైటింగేలా అన్న దానిమీదే నడుస్తుంది. షెల్లీ ఈ పిట్టను సంబోధిస్తూ రాసిన ప్రసిద్ధ కవిత 1820 నాటిది.

కవులు ఆకాశంలో చూసిన ఈ పిట్టను వంటవాళ్లు పళ్లెంలో చూశారు. శామ్యూల్ జాన్సన్ 1755 నిఘంటువులో లార్క్‌తోపాటు లార్కులను పట్టేవాడికి కూడా ఒక మాట ఉంది. డన్‌స్టబుల్ ప్రాంతపు లార్కులకు లండన్ మార్కెట్‌లో పేరుండేది. 1861లో వచ్చిన మిసెస్ బీటన్ గృహనిర్వహణ పుస్తకంలో లార్కులతో చేసే వంటకాలున్నాయి. జర్మనీలోని లైప్‌జిగ్‌లోనూ ఈ మాంసానికి గిరాకీ ఉండేది. 1876లో సాక్సనీలో వేటను నిషేధించాక అక్కడి రొట్టెల దుకాణదారులు బాదం పిండితో ఒక తీపి వంటకం చేసి దానికి అదే పిట్ట పేరు పెట్టారు. పిట్ట పళ్లెంలోంచి పోయింది, పేరు మిగిలింది.

బ్రిటన్ పొలాల్లో 1970ల తరువాత ఈ పిట్టల సంఖ్య సగానికి పైగా తగ్గింది. వసంతంలో విత్తే ధాన్యాన్ని శరదృతువులోనే విత్తడం అందుకు ఒక ముఖ్య కారణం. గూడు కట్టే వేళకు పైరు మరీ ఎత్తుగా, దట్టంగా పెరిగిపోయి పిట్టకు చోటు దొరకడం లేదు.

6.4 సరదా అర్థం: రెండు వాదాలు

పిట్ట పేరుకు వెయ్యేళ్లకు మించిన చరిత్ర ఉండగా సరదా అనే అర్థం 19వ శతాబ్దం ఆరంభంలోనే రాతలో కనిపిస్తుంది. కళాసీల వాడుకలో గంతులాటలాడటం అనే అర్థంలో ‘స్కైలార్క్’ అనే క్రియ 1809లో, సరదా అనే అర్థంలో ‘లార్క్’ 1811లో, దాని క్రియారూపం 1813లో నమోదయ్యాయి. 1811 నాటి ఆధారం ‘లెక్సికన్ బాలట్రోనికమ్’ అనే లండన్ వీధిభాషా నిఘంటువు. ఫ్రాన్సిస్ గ్రోస్ 1785లో వెలువరించిన పామరభాషా నిఘంటువును పెంచి తయారుచేసిన పుస్తకం అది.

(అ) పిట్టనుంచి వచ్చిందనే వాదం: ఆకాశంలో పాడే లార్క్‌ను ‘స్కైలార్క్’ అనడం 17వ శతాబ్దంలోనే ఉంది. తెరచాప ఓడల్లో కుర్ర కళాసీలు తీరిక వేళ తెరచాప స్తంభాల చివరిదాకా ఎగబాకి, తాళ్ల వెంట జారుతూ ఆడుకునేవారు. పైపైకి పోయే పిట్ట పేరు ఆ ఆటకు వచ్చింది. తరువాత ముందు భాగం రాలిపోయి ‘లార్క్’ మిగిలింది. ఈ వాదానికి తేదీలు బలమిస్తాయి. 1867లో వెలువడిన అడ్మిరల్ స్మిత్ నావికపద నిఘంటువు కూడా ఈ మాటకు పూర్వపు అర్థం స్తంభాలెక్కి తాళ్ల మీదుగా జారే ఆటేనని చెబుతుంది. జంతువు పేరు ఎక్కుడాటకు రావడం మనకు వింత కాదు. చెట్ల కొమ్మలమీద ఆడే ఆటను మన పిల్లలు కోతికొమ్మచ్చి అంటారు కదా.

(ఆ) వేరే మాటనుంచి వచ్చిందనే వాదం: 9వ శతాబ్దంలో డెన్మార్క్, నార్వే ప్రాంతాలవారు ఉత్తర, తూర్పు ఇంగ్లండ్‌ను జయించి అక్కడే స్థిరపడ్డారు. వారి నార్స్ భాషలో ‘లెయ్కా’ అంటే ఆడుకోవడం. అది ఉత్తర ఇంగ్లండ్ మాండలికాల్లో ‘లెయిక్’గా నిలిచింది. యార్క్‌షైర్‌లో ఈ మాటకు ఆడుకోవడం అనే కాక, పనిలోకి పోకుండా ఖాళీగా ఉండటం అనే అర్థం కూడా ఉంది. డేనిష్ భాషలో దీని దాయాది ‘లెగ్’. మీ ఇంట్లో పిల్లలు ఆడుకునే లెగో ముక్కల పేరు ‘బాగా ఆడుకో’ అనే డేనిష్ మాటల నుంచి వచ్చినదే. ఈ వాదం ప్రకారం సరదా ‘లార్క్’ అసలు రూపం ‘లెయిక్’. దక్షిణ ఇంగ్లండ్ ఉచ్చారణలో హల్లు ముందున్న రకారం పలకరు. ‘లార్క్’ అని రాసినా ‘లాక్’ అన్నట్లే వినిపిస్తుంది. అందువల్ల ఉత్తరాది మాటను విన్న దక్షిణాదివారు లేని రకారాన్ని చేర్చి, తమకు తెలిసిన పిట్ట పేరులా రాశారని ఈ వాదం చెబుతుంది.

ఇప్పుడు రెండింటినీ తూచి చూడండి. మొదటి వాదానికి కాలం అనుకూలం, రూపంలో ఇబ్బంది లేదు. కాని 1809కీ 1811కీ మధ్య ఉన్నది రెండేళ్లే. వీధి మాట రాతలోకి ఎక్కడానికి చాలా ఏళ్లు పడుతుంది. రాతలో ముందు కనిపించినది నోట్లోనూ ముందే పుట్టిందని రెండేళ్ల తేడాతో నిరూపించలేం. సరదా ‘లార్క్’ ముందే ఉండి, కళాసీలు దానికి ఆకాశాన్ని జోడించి ఉండవచ్చు కూడా. రెండో వాదానికి అర్థం సరిగ్గా కుదురుతుంది. కాని ఉచ్చారణ మార్పుకు వివరణ కావాలి, మాట ఉత్తరం నుంచి లండన్‌కు వచ్చిన దారి చూపాలి. న్యూకాజిల్ నుంచి లండన్‌కు బొగ్గు మోసిన ఓడల్లో ఎందరో ఉత్తరాది కళాసీలు పనిచేశారు కాబట్టి దారి ఊహించవచ్చు. ఊహించడం వేరు, చూపడం వేరు. ఉత్తరాది మాట కళాసీల నోట పిట్ట పేరుతో కలిసిపోయిందనే మూడో అవకాశం కూడా ఉంది.

అందువల్లనే ప్రామాణిక నిఘంటువులు ఈ అర్థం పుట్టుక అనిశ్చితమంటాయి. పరీక్షలో మీరు కూడా అలాగే రాయాలి. ఆధారం తేల్చనిదాన్ని తేలలేదని చెప్పడం లోపం కాదు. అది చరిత్ర రచనలో నిజాయితీ.

ఒక విషయం మాత్రం ఏ వాదంలోనైనా నిలుస్తుంది. ‘స్కై’ అనే మాట నార్స్ నుంచి వచ్చింది. ఆ భాషలో దానికి మేఘమని అర్థం. ‘లార్క్’ ప్రాచీన ఇంగ్లీషు మాట. దండెత్తి వచ్చినవారి మాట, అక్కడివారి మాట కలిసి ఒక పిట్ట పేరైంది. యుద్ధాల తేదీలు చెప్పని సంగతిని ఈ మాట చెబుతుంది: ఆ రెండు జనాలు చివరకు ఒకే భాష మాట్లాడారు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2

1. లోకనిరుక్తి అంటే ఏమిటి?
2. ‘లెయిక్’ వాదానికి ఉన్న ఒక బలం, ఒక బలహీనత పేర్కొనండి.

6.5 ఓడ, వీధి, బురద

పుట్టుక తేలకపోయినా ఆ మాట ఎవరి మధ్య తిరిగిందో మనకు స్పష్టంగా తెలుసు. అక్కడే చరిత్ర విద్యార్థికి అసలు పని ఉంది.

1809 నాటికి బ్రిటన్ నెపోలియన్‌తో యుద్ధంలో ఉంది. నౌకాదళంలో లక్షకు పైగా మనుషులున్నారు. వారిలో చాలామందిని బలవంతంగా పట్టుకొచ్చారు. కొరడా దెబ్బలు మామూలు శిక్ష. అలాంటి చోట ఆటకు కూడా అనుమతి కావాలి. నృత్యం చేసుకోవడానికి, ‘స్కైలార్క్’ చేసుకోవడానికి సిబ్బందికి సెలవిచ్చే ఆజ్ఞ బ్రిటిష్ నౌకాదళ సంప్రదాయంలో ఉంది. ఆజ్ఞ మీద పని, ఆజ్ఞ మీద ఆట. పని కోసం ఎక్కే తాళ్లనే ఆట కోసం ఎక్కడంలో ఆ మనుషులు తమకోసం మిగుల్చుకున్న కాస్త స్వేచ్ఛ కనిపిస్తుంది.

నేలమీద ఈ మాట ధనికుల చేతిలో మరో రంగు పొందింది. పియర్స్ ఈగన్ 1821లో మొదలుపెట్టిన ‘లైఫ్ ఇన్ లండన్’లో టామ్, జెర్రీ అనే యువకులు నగరమంతా తిరుగుతూ చేసే అల్లరి పాఠకులను ఉర్రూతలూగించింది. వీధి మాటలు గొప్పింటి యువకుల నోట ఫ్యాషన్ అయ్యాయి. 1837లో వాటర్‌ఫర్డ్ మార్క్విస్, అతని మిత్రులు మెల్టన్ మోబ్రే పట్టణంలో తాగి తిరిగి, అడ్డుపడినవారిని కొట్టి, తలుపులకు, గోడలకు ఎర్ర రంగు పూశారు. జరిమానా కట్టి బయటపడ్డారు. అలాంటి పనులు సరదాగా చెలామణి అయ్యాయి.

అదే కాలంలో థేమ్స్ నది ఒడ్డున మరో ‘లార్క్’ ఉంది. ఆటుపోట్లలో నీరు తగ్గినప్పుడు బురదలోకి దిగి బొగ్గు, ఇనుప ముక్కలు, తాళ్లు, ఎముకలు, రాగి మేకులు ఏరుకుని అమ్ముకునేవారిని ‘మడ్‌లార్క్’ అన్నారు. మడ్ అంటే బురద. ఆకాశపు పిట్ట పేరును వెక్కిరింపుగా బురదకు దించిన మాట ఇది. 18వ శతాబ్దం చివరికే ఇది వాడుకలో ఉంది. 1800లో పాట్రిక్ కొహూన్ నదిమీద జరిగే దొంగతనాల గురించి రాస్తూ వీరిని దొంగల వరుసలో చేర్చాడు. సుమారు 1850లో హెన్రీ మేహ్యూ వారితో మాట్లాడి రాసినప్పుడు కనిపించినవారు చిన్నపిల్లలు, ముసలి స్త్రీలు. చింకిబట్టలతో, చెప్పుల్లేని కాళ్లతో చలిలో బురద తొక్కినవారు.

ఇక్కడ ఆగి ఆలోచించండి. మార్క్విస్ చేసినది సరదా అయింది. ఆకలికి బొగ్గు ఏరుకున్న పిల్లవాడు అధికారి పుస్తకంలో దొంగ అయ్యాడు. పేరు పెట్టే అధికారం ఎవరి చేతిలో ఉందో మాట అర్థం దాన్నిబట్టి మారుతుంది. చార్లెస్ డికెన్స్ 1860–61లో ధారావాహికగా వెలువరించిన ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’ ఈ మాటను మళ్లీ పేదవాడి నోటికి చేర్చింది. చదువురాని కమ్మరి జో తన బావమరిది పిప్‌తో గడిపిన, గడపబోయే సంతోషాలను ‘లార్క్స్’ అంటాడు. పిప్ పెద్దమనిషిగా మారి దూరమయ్యాక కూడా జో ఆ మాట విడిచిపెట్టడు. అక్కడ అది ఎవరికీ హాని లేని ఆనందం.

6.6 తెలుగులో లార్క్

మన సాహిత్య విమర్శలో షెల్లీ ప్రస్తావన తరచు వస్తుంది. భావకవిత్వంపై ఇంగ్లీషు కాల్పనిక కవుల ప్రభావం గురించి మీరు తెలుగు పాఠ్యాంశాల్లో చదివే ఉంటారు. ఆ సందర్భంలో స్కైలార్క్‌కు వాడే తెలుగు మాట భరతపక్షి. సంస్కృత నిఘంటువుల్లో భరద్వాజం అనే పక్షికి కూడా స్కైలార్క్ అనే అర్థం ఇచ్చారు. కాని మరాఠీలో భారద్వాజం అంటే మనం జెముడుకాకి అనే పెద్ద పక్షి. ఒకే పేరు రెండు ప్రాంతాల్లో రెండు పక్షులకు చెల్లింది. పాత గ్రంథంలో పక్షి పేరు కనిపించగానే నిఘంటువు చెప్పిన పక్షే అనుకోవడం ప్రమాదమని దీనివల్ల తెలుస్తుంది.

లార్క్ జాతి మనకు కొత్తది కాదు. యూరప్ స్కైలార్క్‌కు దగ్గరి బంధువైన పిట్ట మన బీళ్లలోనూ ఉంది, అదీ ఎగురుతూనే పాడుతుంది. మన మెట్ట ప్రాంతాల్లో కనిపించే మరో లార్క్‌కు థామస్ జెర్డన్ పేరు పెట్టారు. మద్రాసు ప్రెసిడెన్సీలో వైద్యుడిగా పనిచేస్తూ, కొంతకాలం నెల్లూరులో ఉండి, పక్షుల వివరాలు సేకరించిన వ్యక్తి ఆయన. పేర్లు చెప్పి సహకరించిన స్థానికుల పేర్లు మాత్రం ఏ పక్షికీ రాలేదు.

రెండో అర్థానికి తెలుగులో ఒకే మాట చాలదు. సందర్భాన్నిబట్టి సరదా, అల్లరి, చిలిపిపని, కొంటెతనం వాడాలి. జో మాటలోని లార్క్‌ను భరతపక్షి అని అనువదిస్తే నవ్వులపాలవుతాం. మార్క్విస్ పనిని చిలిపి చేష్ట అని అనువదిస్తే, ఆ కాలం ఇచ్చిన మినహాయింపును మనమూ ఇచ్చినట్లవుతుంది. అనువాదం చేసేటప్పుడు కూడా చరిత్ర గుర్తుండాలి.

6.7 సారాంశం

పిట్ట పేరుగా ‘లార్క్’ ప్రాచీన ఇంగ్లీషు కాలం నుంచి ఉంది. సరదా అనే అర్థం 19వ శతాబ్దం ఆరంభంలో కళాసీల, లండన్ వీధుల వాడుకగా రాతకెక్కింది. ఈ రెండో అర్థం ‘స్కైలార్క్’ నుంచి వచ్చిందని ఒక వాదం, నార్స్ మూలపు ‘లెయిక్’ నుంచి వచ్చిందని మరో వాదం. రెండింటికీ బలముంది, ఏదీ పూర్తిగా రుజువు కాలేదు. పుట్టుక తేలకపోయినా వాడుక చరిత్ర స్పష్టంగా ఉంది. ఓడమీద అది అనుమతితో దొరికిన ఆట, గొప్పింటివారికి అల్లరిని కప్పే ముసుగు, నది ఒడ్డున పేదలను వెక్కిరించే పేరు, కమ్మరి జో నోట నిర్మలమైన సంతోషం. తమ గురించి రాసుకోలేనివారి చరిత్రకు మాటలు ఆధారమవుతాయి. అయితే ఆ ఆధారాన్ని శాసనాన్ని చదివినంత శ్రద్ధగా చదవాలి.

6.8 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ‘లార్క్’ అనే మాటకు సరదా అనే అర్థం ఎలా వచ్చిందో చెప్పే వాదాలను పరిశీలించి, మీ అభిప్రాయం రాయండి.
2. సామాన్యుల చరిత్రకు పదచరిత్ర ఎలా ఆధారమవుతుంది? మడ్‌లార్క్ ఉదాహరణతో వివరించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 15 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. లార్క్ పక్షి జీవన విధానానికీ ఆ పేరుతో ముడిపడిన భావనలకూ గల సంబంధాన్ని వివరించండి.
2. మీ ప్రాంతంలో పెద్దలు వాడే ఒక ఆట పేరును తీసుకోండి. అది ఎవరి నోట, ఏ సందర్భంలో వినిపిస్తుందో వారినే అడిగి రాయండి. దాని పుట్టుక గురించి వారు చెప్పిన వివరణ లోకనిరుక్తి కావచ్చా అన్నది చర్చించండి.